మహేంద్రగిరి: కొండ దిగివచ్చిన రాజులు, కొండమీది మనుషులు

పలాస నుంచి ఇచ్ఛాపురం వైపు రైల్లో పోతూ మందస రోడ్డు స్టేషను దాటే వేళకు ఎడమచేతి కిటికీలోంచి చూస్తే, వరసగా సాగే కొండల వెనక మరో కొండ తల ఎత్తి కనిపిస్తుంది. వానాకాలంలో అది ఎప్పుడూ మబ్బులోనే ఉంటుంది. చలికాలం పొద్దుట మాత్రం నడుం దాకా మంచు, ఆపైన నీలంగా శిఖరం. అదే మహేంద్రగిరి. ఎత్తు 1501 మీటర్లు. ఈ ప్రాంతంలోనే పుట్టి, ఈ ప్రాంతంలోనే ఇరవయ్యేళ్లుగా తెలుగు పాఠాలు చెబుతున్న నేను ఆ కొండను ఎన్ని వందల సార్లు చూశానో లెక్కలేదు. ఎక్కింది మాత్రం మొన్నటి శివరాత్రికే. ఎక్కకముందే దాన్ని గురించి పిల్లలకు చాలా చెప్పాను. ఇప్పుడు ఆ చెప్పినదాన్నే మళ్లీ తడిమి చూసుకోవలసి వచ్చింది.

నేను చెబుతూ వచ్చినది ఇది. కాళిదాసు రఘువంశం నాలుగో సర్గలో రఘువు దండయాత్ర కళింగం మీదుగా సాగుతుంది. అక్కడి రాజును కవి మహేంద్రనాథుడంటాడు. రఘువు ఆ రాజును పట్టి విడిచిపెట్టాడనీ, సంపద తీసుకున్నాడు గాని నేల తీసుకోలేదనీ వర్ణిస్తాడు. ఆరో సర్గలో ఇందుమతి స్వయంవరానికి వచ్చిన కళింగరాజు హేమాంగదుణ్ణి కూడా మహేంద్రానికీ సముద్రానికీ ప్రభువుగానే పరిచయం చేస్తాడు. పరశురాముడు క్షత్రియ సంహారం చాలించి తపస్సు చేసుకున్నది ఈ కొండమీదేనని పురాణాలు. హనుమంతుడు లంకకు ఎగిరిన మహేంద్రం మాత్రం ఇది కాదు. అది దక్షిణాన ఉండాలి. తమిళనాడులో ఇస్రో రాకెట్ ఇంజన్లను పరీక్షించే చోటును కూడా మహేంద్రగిరి అనే అంటారు. పిల్లలు పరీక్షల్లో ఈ రెంటినీ కలిపేస్తుంటారు గనక ఇదొకటి ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చేది.

ఒకరోజు ఇలాగే చెబుతుంటే వెనక బెంచీ సవర కుర్రవాడొకడు లేచి, "మా ఊరు ఆ కొండకిందేనండి మేస్టారూ, మా మావయ్యోలు పైనుంటారండి" అన్నాడు. తరగతి నవ్వింది. నేనూ నవ్వి, "కూర్చో, మంచిది" అన్నాను. వాడు కూర్చున్నాడు. ఆ మాట పాఠంలో ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు. కాళిదాసుకూ తెలియదు, మా పాఠ్యపుస్తకానికీ తెలియదు. ఈ వ్యాసం ఆ మాటను పెట్టడానికి చోటు వెతికే ప్రయత్నం.

మందసలో వాసుదేవపెరుమాళ్ గుడి దాటి పడమరకు తిరిగితే జీడితోటలు మొదలవుతాయి. ఉద్దానంలోని తోటలకు ఇవి కొనసాగింపే. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానాన్ని నేలమట్టం చేసినప్పుడు ఈ వైపు చెట్లూ ఒరిగాయి. పడిపోయిన పనస మొద్దుల పక్కన కొత్త జీడిమొక్కలు లేస్తున్నాయి. తోటలు అయిపోగానే దారి ఎత్తెక్కుతుంది. శివరాత్రికి మన వైపు నుంచి పోయే జనం రాత్రిపూట చల్లగా ఉంటుందని చీకటితోనే నడక మొదలుపెడతారు. ఒడిశా వైపు నుంచి చాలాదూరం జీపు రోడ్డు ఉంది. మన వైపు నుంచి కాలిబాటే. ముందు నడిచేవాడి బ్యాటరీ లైటు, వెనకవాడి శివనామం, మధ్య మధ్య సెల్‌ఫోన్ పాటలు. ఏ మలుపులో కాలు ఎక్కడ పెట్టాలో తెలియని చోట ఎవరో చెట్టు మానుకు గాటు పెట్టి ఉంచారు. బండ జారే చోట అడ్డంగా కర్రలు పరిచి ఉన్నాయి. అవి యాత్రికులు పెట్టినవి కావు. యాత్రికులు ఏడాదికి ఒకమాటు వస్తారు. దారి ఏడాది పొడుగునా నడిచేవాళ్లది.

చరిత్ర కాళ్లతో చదవవలసిన విషయమని మనకు చెప్పినవాడు కోశాంబి. పుస్తకాల్లోని శ్లోకాన్నీ, కొండవాలు మీద సిందూరం పూసిన రాయినీ పక్కపక్కన పెట్టి చూసినవాడాయన. పుణె చుట్టుపక్కల కొండల్లో ఆయన చేసిన పని మన తూర్పు కనుమల్లో జరగవలసినంతగా జరగలేదనే నా అభిప్రాయం. మనకు శాసనపాఠాలున్నాయి, వంశవృక్షాలున్నాయి. ఏ గుడి ఒరియావాళ్లది, ఏ రాజు తెలుగువాడు అన్న పోట్లాటలు కూడా కావలసినన్ని ఉన్నాయి. ఆ గుడి దాకా ఎవరి దారిలో వెళ్లారన్నది మాత్రం లేదు.

తెల్లవారేసరికి ఎత్తయిన గట్టు మీదికి వచ్చాం. అప్పుడు తూర్పుకు తిరిగి చూస్తే గాని ఈ కొండకు రాజులు ఎందుకంత విలువ కట్టారో నాకు అర్థం కాలేదు. సముద్రం అక్కడే ఉంది. ఆగ్నేయంగా గీత గీసినట్టు మెరుస్తోంది. శిఖరానికీ తీరానికీ మధ్య సుమారు పాతిక కిలోమీటర్లు. కనుమలు ఇంత దగ్గరగా సముద్రానికి చేరువైన చోట మిగిలిన నేల సన్నని నడవ అయిపోతుంది. ఉత్తరం నుంచి దక్షిణానికి, దక్షిణం నుంచి ఉత్తరానికి పోయే ప్రతి సైన్యమూ ఆ నడవలోంచే పోవాలి. ఇవాళ్టి జాతీయ రహదారీ, 1890లలో వేసిన రైలుమార్గమూ కూడా ఆ నడవలోనే ఒరుసుకుంటూ పోతున్నాయి. పైనుంచి చూసేవాడికి కింద కదిలే ఏనుగుల దండు గాని ఎడ్లబళ్ల వరస గాని దాగదు. పైగా ఇదే కొండ నుంచి మహేంద్రతనయ అనే పేరుతో రెండు ఏరులు దిగుతాయి. ఒకటి పర్లాకిమిడి మీదుగా పోయి వంశధారలో కలుస్తుంది. రెండోది మందస, సోంపేట ప్రాంతాల మీదుగా పోయి బారువ దగ్గర సముద్రంలో పడుతుంది. కింద వరి పండాలంటే ఈ నీళ్లు కావాలి. బాటా నీరూ రెండూ చూసుకునే చోటు ఇది. కాళిదాసు కళింగరాజుకు మహేంద్రాన్నీ సముద్రాన్నీ జంటగా కట్టబెట్టడం అలంకారం కాదు, భూగోళం. ఆయన ఇటు వచ్చి చూశాడా లేదా అన్నది నాకు తెలియదు గాని చూసినవాళ్ల మాట విన్నాడని చెప్పవచ్చు.

క్రీస్తుశకం నాలుగో శతాబ్దంలో సముద్రగుప్తుడు దక్షిణాదికి వచ్చాడు. అలహాబాదు స్తంభశాసనంలో ఆయన పట్టి విడిచిపెట్టిన రాజుల జాబితా ఒక పొడుగాటి సమాసం. అందులో పిష్టపురం, మహేంద్ర, గిరి, కొట్టూరం, స్వామిదత్తుడు అన్న మాటలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. ఎక్కడ విరవాలన్నది తగవు. పిష్టపురపు రాజు మహేంద్రుడు, కొండమీది కొట్టూరపు రాజు స్వామిదత్తుడు అని కొందరు విరిచారు. పిష్టపురపు రాజు పేరే మహేంద్రగిరి అని మరికొందరు. కొట్టూరమంటే మహేంద్రగిరికి ఆగ్నేయంగా ఉన్న కొత్తూరేనని ఇంకొందరు. ఎం.ఏ.లో సమాస విచ్ఛేదం మార్కుల కోసం చదివాం గాని, ఒక సమాసాన్ని విరవడంలో ఒక కొండ రాజ్యంలోకి వస్తుందనీ పోతుందనీ అప్పుడు ఎవరూ చెప్పలేదు.

తరవాతివాళ్లు గాంగులు. అయిదో శతాబ్దం చివర నుంచి కళింగనగరం రాజధానిగా ఏలిన ఈ వంశంవారి తొలి తామ్రశాసనాలన్నీ దాదాపు ఒకే ధోరణిలో మొదలవుతాయి: తమ కులదైవం మహేంద్రాచలపు నిర్మల శిఖరం మీద నెలకొన్న గోకర్ణస్వామి అని. శతాబ్దాల తరబడి, దానం ఏ ఊరికిచ్చినా, గ్రహీత ఎవరైనా, ముందు ఆ కొండ పేరు చెప్పాల్సిందే. కొండ వాళ్ల ముద్ర. తరవాత రాజేంద్రచోళుడి కాలంలో చోళసేన ఇక్కడికి వచ్చి, కులూతరాజు విమలాదిత్యుణ్ణి ఓడించి, ఈ కొండమీద జయస్తంభం నాటినట్టు శాసనం వేయించింది. సంస్కృతమూ తమిళమూ రెండూ ఉన్నాయి. పక్కన పులి, రెండు చేపలు చెక్కారు. పులి చోళులది, చేపలు వాళ్లు ఓడించిన పాండ్యులవి. ఒకరిని ఓడించినందుకు గుర్తుగా ఇంకొకరిని ఓడించిన గుర్తు కూడా తెచ్చి చెక్కడం రాజులకే చెల్లింది. కృష్ణదేవరాయల పొట్నూరు జయస్తంభాన్ని మన సాహిత్య చరిత్రలు ఎంతో ఇష్టంగా చెబుతాయి. దానికి అయిదు శతాబ్దాల ముందే ఆ అలవాటు ఈ కొండమీద మొదలైంది.

ఆ శాసనం ఉన్న గుడిని జనం ధర్మరాజు గుడి అంటారు. పైన భీముడి గుడి. దిగువన కుంతి గుడి. భీముడి గుడి చిన్నదే గాని రాళ్లు మాత్రం మనిషి మోసేవి కావు. మూడు నాలుగు బండలను ఒకదాని మీద ఒకటి పేర్చి కప్పు వేసినట్టుంటుంది. సున్నం లేదు, అలంకారమూ అంతగా లేదు. గాలి మాత్రం విపరీతం. ఆ గాలిలో నిలబడి ఆ రాళ్లను చూస్తే దాన్ని భీముడే కట్టాడనడంలో ఆశ్చర్యం లేదనిపించింది.

అక్కడే కావడి దించుకుని కూర్చున్న ఒక సవర ముసలాయన కనిపించాడు. కింది ఊళ్లవాళ్ల సామాన్లు పైకి మోసుకొచ్చాడు.

"ఏ ఊరు బాబూ తమది?" అన్నాడు.

"పలాస దగ్గర, తాతా."

"నవుకరా?"

"బళ్లో మేస్టర్ని."

ఈ గుడి ఎవరు కట్టారు తాతా అని అడిగాను. ఆయన గుడి వైపు చూడకుండానే, "భీముడు కట్టినాడంటారు బాబూ. దాహమేస్తే ఇక్కడ నీల్లు దొరకవు. కుంతమ్మ గుడి కాడికి దిగాల" అన్నాడు. ఇంకా ఏదైనా చెబుతాడేమోనని చూశాను. ఆయన కావడి బద్దకు తాడు బిగించుకుంటున్నాడు. ఈ కొండకు మీ మాటలో పేరేమిటని అడిగాను. చెప్పాడు. మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ చెప్పాడు. నా పుస్తకంలో రాసుకోబోతే కుదరలేదు. అచ్చు మధ్యలో గొంతు టక్కున మూసుకుని తెరుచుకున్నట్టు వినిపించింది. అచ్చులూ హల్లులూ కలిపి యాభైకి పైగా అక్షరాలు నేర్పే నా భాషలో ఆ చప్పుడికి గుర్తు లేదు. పుస్తకం మూసేశాను. ఈ సంగతికి మళ్లీ వస్తాను.

గాంగుల దగ్గరికి తిరిగి వెళ్దాం. అసలు ప్రశ్న అక్కడ ఉంది. అనంతవర్మ చోడగంగు క్రీ.శ. 1118లో వేయించిన విశాఖపట్నం తామ్రశాసనంలో తన వంశం ఎలా వచ్చిందో చెప్పించాడు. కామార్ణవుడనే పూర్వికుడు తన రాజ్యాన్ని పినతండ్రికి వదిలి, నలుగురు తమ్ముళ్లతో దిగ్విజయానికి బయలుదేరి మహేంద్రగిరికి వచ్చాడు. గోకర్ణస్వామిని కొలిచాడు. స్వామి అనుగ్రహంతో వృషభలాంఛనం, రాజచిహ్నాలు పొందాడు. ఆపైన కొండ దిగివచ్చి, ధర్మరాజులా తమ్ముళ్లు వెంట రాగా, అక్కడ ఏలుతున్న రాజును గెలిచి కళింగం తీసుకున్నాడు. ధర్మరాజుతో ఈ పోలిక శాసనంలోనే ఉంది. కొండమీద గుళ్లకు పాండవుల పేర్లు రావడానికి అన్నదమ్ములైదుగురి ఈ కథ కూడా దారి తీసి ఉండవచ్చునేమో. ఇది నా ఊహ మాత్రమే. పాండవుల గుళ్లు లేని కొండ ఆంధ్రదేశంలో తక్కువ గనక దాన్ని నేను పట్టుబట్టను.

పట్టుబట్టేది మరొకటుంది. ఆ ఓడిపోయిన రాజు పేరేమిటి? విశాఖపట్నం శాసనాన్ని ఫ్లీట్ ప్రకటించినప్పుడు ఆ పేరు బాలాదిత్యుడన్నారు. తరవాత గార దగ్గర కోర్ని గ్రామంలో దొరికిన అదే చోడగంగు శాసనంలో ఆ పేరు శబరాదిత్యుడు. బాలాదిత్యుడైతే ఎవరో ఒక రాజు. శబరాదిత్యుడైతే కథ మొత్తం మారిపోతుంది. బయటి నుంచి వచ్చినవాడు కొండెక్కి, ఆ కొండవాళ్లు కొలిచే చోట తలవంచి, దేవుణ్ణి తనవాణ్ణి చేసుకుని, దిగివచ్చి, ఆ కొండవాళ్ల నాయకుణ్ణే చంపి నేల తీసుకున్నాడన్నమాట. దేవుణ్ణి గౌరవంగా పుచ్చుకున్నారు, నేలను యుద్ధంలో పుచ్చుకున్నారు. ఆ తరవాత ఏడెనిమిది వందల ఏళ్లపాటు ఆ దేవుడి పేరుతో అగ్రహారాలు రాసిచ్చారు.

ఈ కథ రాజులు తమ గురించి తాము చెప్పించుకున్నదనీ, సంఘటనకు ఆరు శతాబ్దాల తరవాతిదనీ, చరిత్రగా నిలబడదనీ పండితులు అంటారు. నిజమే. కామార్ణవుడు అచ్చంగా అలాగే వచ్చాడని నేను కూడా అనను. అయినా ఒక వంశం ఆరు వందల ఏళ్ల తరవాత కూడా, మేం ఈ నేలకు హక్కుదారులం ఎలా అయ్యామంటే శబరాదిత్యుణ్ణి గెలిచి అని చెప్పుకోవలసి వచ్చిందంటే, అంతకుముందు ఈ నేల ఎవరిదన్నది అప్పటి జనానికి గుర్తుందన్నమాట. కట్టుకథ కూడా ఎవరికి జవాబుగా కట్టారో చూస్తే చరిత్రే చెబుతుంది.

ఇలాంటి చూసీచూడనితనం మనకు పాత అలవాటు. ఐతరేయ బ్రాహ్మణంలో ఆంధ్రుల ప్రస్తావన ఉందని ప్రతి తెలుగు చరిత్ర పుస్తకమూ మొదటి పేజీలోనే గర్వంగా చెబుతుంది. విశ్వామిత్రుడి శాపం వల్ల ఎల్లల అవతలకు పోయిన జనాల జాబితా అది. ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు. మనం మన పేరు దగ్గర వేలు పెట్టి ఆగిపోయాం. అదే వాక్యంలో ఒక పేరు దాటగానే శబరులున్నారు. ప్రాచీనత మనకెంతో వాళ్లకూ అంతే. తేడా ఏమిటంటే మనం తరవాత రాజ్యాలు కట్టి రాతలోకి వచ్చాం. వాళ్లు రాతలో ఓడిపోయినవాళ్లుగా, లేకపోతే దేవుణ్ణి మొదట చూసినవాళ్లుగా మాత్రమే మిగిలారు. ముఖలింగం స్థలపురాణం తీసుకోండి. అక్కడి స్వామి మధుకేశ్వరుడు. మధుకమంటే ఇప్పచెట్టు. శబరులు కొట్టిన ఇప్పచెట్టు మొదట్లో శివుడు కనిపించాడని కథ. పూరీ జగన్నాథుడి కథలోనూ మొదట కొలిచినవాడు శబరుడు విశ్వావసువే. మొదట చూసినవాడికి కథలో చోటిచ్చి, గుడిలో చోటు మరొకరికివ్వడం కళింగదేశంలో ఒక పద్ధతిగా కనిపిస్తుంది.

ముఖలింగమంటే గుర్తుకు రావలసినవాడు గిడుగు రామమూర్తి. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగానే మనం ఆయన్ని తలుచుకుంటాం, ఆయన పుట్టిన ఆగస్టు 29న సభలు పెడతాం. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ వంశధార ఒడ్డున ముఖలింగం గోడల మీది శాసనాలు చదివి, గాంగుల కళింగనగరం ఇదేనని నిరూపించినవాడు కూడా ఆయనే. ఆ చేత్తోనే సవర భాష నేర్చుకున్నాడు. సవర మాటలు తెలుగు లిపిలో ఇమడలేదు. నా పుస్తకంలో ఇమడనట్టే ఆయనకూ ఇమడలేదు. ఆయన పుస్తకం మూసేయలేదు. అదీ తేడా. ధ్వనిశాస్త్రం నేర్చుకుని, ఒక్కొక్క చప్పుడుకూ గుర్తు ఏర్పాటు చేసుకుని, 1931లో సవర భాషావ్యాకరణాన్నీ 1938లో నిఘంటువునూ అచ్చులోకి తెచ్చాడు. సవర పిల్లలకు బడులు పెట్టించాడు. ప్రభుత్వం బహుమానంగా ఇవ్వబోయిన డబ్బును ఆ బడికే పెట్టమన్నాడు. సవర ద్రావిడ భాష కాదు, ముండా కుటుంబానికి చెందినది. దాని బంధువులు ఛోటానాగపూర్ లోనూ, ఇంకా దూరం పోతే ఆగ్నేయాసియాలోనూ ఉన్నాయి. అంటే మహేంద్రగిరి వాలు మీద వినిపించే మాట మన మాట కన్నా చాలా దూరాలు కొలిచిన మాట.

ఇందులో నాకు ఎంతో నచ్చిన విశేషం ఒకటుంది. శబరాదిత్యుడి పేరున్న కోర్ని శాసనాన్ని పరిష్కరించి ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పత్రికలో ప్రకటించినవారు రామమూర్తి కుమారుడు గిడుగు సీతాపతి. తండ్రి సవరల నోటి మాటను కాగితం మీద పెడుతున్న ఇంట్లోనే కొడుకు సవరల ఓటమిని రాగిరేకు మీద చదివాడు. మనలో ఇద్దరికీ రెండు వేరు వేరు శాఖలు కేటాయించి, ఒకరిని భాషకూ ఒకరిని చరిత్రకూ ఇచ్చేశాం. ఆ ఇంట్లో అవి రెండు శాఖలు కావు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు పోయింది. ఆ వేదనతో రామమూర్తి ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయాడు. మహేంద్రగిరి శిఖరం కూడా అటే పోయింది. ఇప్పుడది గజపతి జిల్లా. మందస ఇటు మిగిలింది. శిఖరం ఒక రాష్ట్రంలో, దాని కాలు మరో రాష్ట్రంలో. మన వైపు తగవంతా తెలుగువారి ఊళ్లు ఎన్ని అటు పోయాయి, అటువైపు తగవంతా ఒరియావారి ఊళ్లు ఎన్ని ఇటు ఉండిపోయాయి అన్నదే. అన్నదమ్ముల్లో ఒకడు అటూ ఒకడు ఇటూ అయిన సవర ఊళ్ల సంగతి ఆ వాదాల్లో ఎక్కడా వినపడదు. మా తరగతి కుర్రవాడి మావయ్య ఇప్పుడు వేరే రాష్ట్రంవాడు.

కొండ పేరు రాజులకు మళ్లీ మళ్లీ పనికొచ్చింది గాని, కొండ కాలి దగ్గరి అడవి జనానికి ఎప్పుడూ పొయ్యిలో కట్టె, ఇంటి కప్పు, నాగలి. మందస జమీందారీలో ఆ అడవి జమీందారుది అయింది. రైతు కట్టె తెచ్చుకుంటే దొంగతనమైంది. 1940 మార్చిలో పలాసలో అఖిలభారత కిసాన్ సభ మహాసభ జరిగింది. ఆ ఊపులో గుడారి రాజమణిపురం రైతులు నిషేధాన్ని ధిక్కరించి అడవి నుంచి కలప తెచ్చుకున్నారు. రైతులను పట్టుకుపోవడానికి పోలీసులు వచ్చారు. అడ్డం నిలిచిన ఆడవాళ్లలో ముందున్నది సాసుమాను గున్నమ్మ. అప్పుడామె గర్భవతి. 1940 ఏప్రిల్ 1న జరిగిన కాల్పుల్లో ఆమెతో కలిపి అయిదుగురు చనిపోయారు. సరిహద్దు గీత గీసి సరిగ్గా నాలుగేళ్లు. రాజేంద్రచోళుడు ఇక్కడ ఎవరిని ఓడించాడో చెప్పే నేను, ఈ తేదీని తరగతిలో ఎన్నిసార్లు చెప్పానని లెక్క చూసుకుంటే సిగ్గేసింది.

ఆ తరవాతి కథ ఈ పత్రిక పాఠకులకు కొత్త కాదు. 1967 అక్టోబరు 31న లేవిడిలో కోరన్న, మంగన్నలు భూస్వాముల తుపాకులకు బలవడం, వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం మాస్టర్ల నాయకత్వంలో గిరిజన ఉద్యమం సాయుధపోరాటంగా మారడం, జముకుల కథ పట్టుకుని ఊరూరా తిరిగిన సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో రంగమటియా కొండల్లో ఎన్‌కౌంటరులో మరణించడం. ఆ పంథా మీద ఎవరి అభిప్రాయం వాళ్లకుండవచ్చు, నాకూ ఉంది. అయితే గిరిజనేతరులకు భూమి బదిలీ కాకుండా 1970లో చట్టాన్ని బిగించవలసి వచ్చిందంటే ఆ ఒత్తిడి ఎక్కడి నుంచి వచ్చిందో మరచిపోవడం న్యాయం కాదు.

మన ప్రాంత కథాసాహిత్యం గొప్పదని మనమందరం అంటాం. రావిశాస్త్రి, చాసో, కాళీపట్నం రామారావుల పేర్లు చాలు. 'యజ్ఞం' పల్లపు పల్లె ఆర్థిక నిర్మాణాన్ని విప్పినట్టు ఏ చరిత్ర పుస్తకమూ విప్పలేదు. కొండ సంగతికి వస్తే భూషణం 'కొండగాలి' వంటివి వేళ్ల మీద లెక్కించాలి. అవి కూడా చాలావరకు కొండకు వెళ్లినవాళ్లు రాసినవే. దోపిడీ బాగా కనిపిస్తుంది, దోపిడీకి గురయ్యే మనిషి మాత్రం తన మాటలో మాట్లాడడు. సావుకారు మోసం ఎంత వివరంగా ఉంటుందో, చోడి అంబలి కాచే మనిషి మనసులో ఏముందో అంత క్లుప్తంగా ఉంటుంది. ఇది ఆక్షేపణగా అనడం లేదు. భాష రానివాడు ఎంత దాకా వెళ్లగలడో అంత దాకా వెళ్లారు వాళ్లు. నేను అంత దూరం కూడా వెళ్లలేదు.

కొండ పేరుకు గిరాకీ ఇప్పటికీ తగ్గలేదు. 2022లో ఒడిశా ప్రభుత్వం మహేంద్రగిరిని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. మొక్కల లెక్క మంచిదే. ఏ వేరు దేనికి మందో తెలిసినవాళ్లను ఆ లెక్కలో ఎలా చూస్తారన్నది చూడాలి. 2023 సెప్టెంబరు 1న ముంబయిలో భారత నౌకాదళపు యుద్ధనౌక ఒకటి నీళ్లలోకి దిగింది. దాని పేరు మహేంద్రగిరి. ఈ కొండ పేరే పెట్టారు. మహేంద్రాన్నీ సముద్రాన్నీ ఒక్క రాజుకే కట్టబెట్టిన కాళిదాసు ఉంటే సంతోషించేవాడు.

మధ్యాహ్నం ఎండ ఎక్కాక నీళ్లు అయిపోయాయి. ముసలాయన చెప్పినట్టే కుంతి గుడి వైపు దిగాం. నీళ్లున్నాయి. అక్కడ సవర ఆడవాళ్లు అడ్డాకు విస్తళ్లు కుట్టి కట్టలు కట్టి అమ్ముతున్నారు. పై ఊళ్ల నుంచి తెచ్చిన చింతపండు కూడా ఉంది. బేరం తెలుగులోనూ ఒరియాలోనూ సాగుతోంది. వాళ్లలో వాళ్లు మాత్రం సవరలో మాట్లాడుకుంటున్నారు. మా గుంపులో ఒకాయన రెండు రూపాయల కోసం చాలాసేపు బేరమాడాడు. సీసా నింపుకుని దిగడం మొదలుపెట్టాం. ఎక్కేటప్పుడు చీకట్లో కనపడని మెట్లచెక్క మళ్లు దారికి కుడివైపున బయటపడ్డాయి. ఒక్కో మడి అంచుకూ రాతి కట్టు. ఏ తరంవాడు మొదలుపెట్టాడో గాని ఈ ఏటి వానకు జారిన చోట కొత్త రాయి పెట్టి ఉంది. పైన గుళ్లలో చూసిన రాళ్లకు శాసనముంది, వీటికి లేదు.

సోమవారం బడికి వెళ్లి ఆ కుర్రవాణ్ణి పిలిచాను. కొండకు మీ మాటలో పేరేమిటో బోర్డు మీద రాయమన్నాను. సుద్దముక్క పట్టుకుని తెలుగు అక్షరాల్లో రాశాడు. చూసుకుని తుడిచేశాడు. ఇంకోలా రాశాడు. అదీ తుడిచాడు. "రాస్తే రావట్లేదండి మేస్టారూ, నోటితో అయితే వస్తాదండి" అన్నాడు. సరే నోటితోనే చెప్పమన్నాను. ఈసారి తరగతిలో ఎవరూ నవ్వలేదు. నేనూ అని చూశాను. తప్పని తల అడ్డంగా ఊపాడు. రామమూర్తి నిఘంటువు మా బడి గ్రంథాలయంలో లేదు. ఎక్కడ దొరుకుతుందో కనుక్కుంటున్నాను.